పంది సారు జెండా

సింహం రెండు కాళ్ల మీద నిలబడి ఉంది. ముందుకాళ్లు గాలిలోకి ఎత్తి, గోళ్లు చాచి, నాలుక బయటికి వేలాడేసింది. పచ్చిమిరపకాయ కొరికి నీళ్ల కోసం వెతుక్కుంటున్నట్టుంది దాని మొహం. అది ఒక డాలు మీది బొమ్మ. డాలు అడుగున నాగలి కర్రులా కొసదేలి ఉంది. దాన్ని పట్టుకొని నిలబడ్డవాడు ఓరుగల్లు కోట కాపలా సైనికుడని కంప్యూటర్ తెర అడుగున తెలుగులోనే రాసి ఉంది.

లక్ష్మీరాజం కళ్లద్దాలు తీసి, అంగీ కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకొని చూశాడు. సింహం అట్లాగే ఉంది.

"ఎట్లున్నది సార్?" అని అడిగాడు భానుప్రసాద్.

"సర్కసోళ్లు ఎప్పుడొచ్చిండ్రయ్యా ఓరుగల్లుకు?"

కంప్యూటర్ ముందు కూర్చున్న సాగర్ నవ్వు ఆపుకోలేక కీబోర్డు మీదికి వంగాడు. భానుప్రసాద్ నవ్వలేదు.

"రాజసం ఉండాలె గద సార్. సింహమైతె చూడంగనే రాజు మనిషి అని ఎర్కయితది."

"ఎవల రాజు? సింహాన్ని గిట్ల నిలబెట్టేది స్కాట్లాండు దిక్కు. గా పక్కన మూడు రేకుల పువ్వేంది?"

"డిజైన్ సార్."

"ఫ్రాన్సు రాజుల పువ్వది. స్కాట్లాండు సింహం, ఫ్రాన్సు పువ్వు, ఓరుగల్లు సిపాయి. ముగ్గురిని తెచ్చి ఒక్క మంచం మీద పండబెట్టినవు."

భానుప్రసాద్ గ్రానైటు క్వారీల వాళ్ల కొడుకు. హైదరాబాదులో కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెలగబెట్టి, తండ్రి రాళ్లు అమ్మిన డబ్బుతో కరీంనగర్‌లో వీడియో గేములు తయారుచేసే ఆఫీసు పెట్టాడు. గోడలకు నల్లరంగు, కూర్చోవడానికి బియ్యం బస్తాల్లాంటి మెత్తలు, తాగడానికి మూడు రకాల కాఫీ ఉన్నాయి. చరిత్ర పుస్తకం మాత్రం వెతికినా ఒక్కటి లేదు. అయినా వాళ్లు చేస్తున్నది ఓరుగల్లు వీరుడి ఆట.

అట్లాంటివాడికి చరిత్ర లెక్చరర్ ఎందుకు కావలసివచ్చాడంటే, దానికీ ఒక కథ ఉంది. ఈ ఆటలు ఆడేవాళ్లలో కొందరు భూతద్దం పెట్టుకొని ఆడతారట. ఏ డాలు మీద ఏ మృగం ఉంది, దానికి గోళ్లెన్ని, తోక ఎటు తిరిగింది, ఆ రంగు ఆ రాజుదేనా కాదా అని లెక్కలు తీస్తారట. తప్పు దొరికితే ఇంటర్నెట్లో పెట్టి బజారుకు ఈడుస్తారట. పెట్టుబడి పెట్టిన హైదరాబాదువాళ్లకు ఆ భయం పట్టుకుంది. జెండాలు, చిహ్నాలు చరిత్ర ప్రకారమే ఉన్నాయని ఒక చరిత్ర మనిషి సంతకం చేసిన కాగితం ఉంటే తప్ప మిగతా సొమ్ము ఇచ్చేది లేదన్నారు. సాగర్ తనకు పాఠం చెప్పిన లక్ష్మీరాజం సారు పేరు చెప్పాడు.

కరీంనగర్‌లో లక్ష్మీరాజం నోటికి జడవనివాడు లేడు. పెళ్లిపత్రిక ఇచ్చేవాడు ఇచ్చి నిలబడడు, పారిపోతాడు, లేకుంటే అందులోని తిథి దగ్గర్నుంచి తప్పులు వినవలసివస్తుంది. ఊరి మొదట్లో సిమెంటు తోరణం కట్టిన కాంట్రాక్టరుతో ఆయన నడిరోడ్డు మీద నిలబడి, "ఇది కాకతీయ తోరణం గాదు, టెంటుహౌసోని గేటు" అన్నాడు. ఆ కాంట్రాక్టరు ఇప్పటికీ ఆయన కనబడితే సందు మారుతాడు.

ఆయనకు అందరూ చులకనే. కానీ ఆయన్ను చులకన చేసే పేరు ఒకటి ఊరికంతా తెలుసు. అది పంది సారు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఆయన బోర్డు మీద వరాహాన్ని గీశాడు. పైన సూర్యచంద్రులను గీశాడు. "ఇది కాకతీయుల లాంఛనం, రాజచిహ్నం" అన్నాడు. వెనక బెంచీలో ఎవడో గుర్రుమన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయనకు కోపం వచ్చి, ఆ వారమంతా వరాహం గురించే చెప్పాడు. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. బదిలీ అయి జగిత్యాల పోతే ఆయనకంటే ముందే అక్కడికి చేరింది. రిటైరైన నాడు శాలువా కప్పుతుంటే కూడా వెనక నుంచి ఒక గుర్రు వినబడింది.

తప్పు ఆ పిల్లలదేనా? మన దగ్గర మనిషిని తిట్టాలంటే ముందు నోటికొచ్చేది ఆ జంతువే. కాలువ పక్కన కనబడితే రాయి పుచ్చుకుంటాం. భూమిని కోరల మీద ఎత్తి తెచ్చినవాడని పురాణంలో విని చేతులు జోడిస్తాం, గుడి బయటికొచ్చి అదే మాటతో పక్కవాణ్ణి తిడతాం. ఆ రెండు మాటలూ ఒకే నోట ఎట్లా ఇముడుతాయో ఎవరమూ మనల్ని మనం అడగం.

ఆ మాటకు నవ్వని మనిషి ఆయనకు ఒక్కతే దొరికింది. పెళ్లిచూపుల్లో శ్యామల ముందు కూర్చొని ఏం మాట్లాడాలో తెలియక ఆయన కాకతీయుల వరాహం సంగతి ఎత్తాడు. పిల్ల నవ్వలేదు. రెండు చేతులూ కళ్లకద్దుకుంది. చరిత్ర అంటే గౌరవం ఉన్న పిల్ల అనుకొని ఆయన ఆ గడియలోనే ఒప్పేసుకున్నాడు. శ్యామల తండ్రి గోదావరిఖని బాయిలో బొగ్గు కొట్టేవాడని, ఆ ఇంటివాళ్లకు కమాన్‌పూర్‌లో బండ మీద వెలిసిన వరాహస్వామి ఇలవేలుపు అని, పిల్ల దండం పెట్టింది ఆ స్వామికేనని ఆయనకు పెళ్లయిన తర్వాత గాని తెలియలేదు.

ముందుగదిలో ఆయన పటం కట్టించి పెట్టుకున్న, వరాహం ఉన్న రాజముద్ర ఫొటోను శ్యామల దేవుడి గదిలోకి మార్చి బొట్టు పెట్టింది. ఆయన ఇల్లు ఎగిరిపోయేటట్టు అరిచాడు.

"అది దేవుడు గాదు, ముద్ర. సర్కారు ముద్ర. రేపు తహశీల్దారు రబ్బరు స్టాంపుకు గూడ మొక్కుతవా?"

"గా స్టాంపుల స్వామి ఉంటె మొక్కుత" అంది శ్యామల. పటం దేవుడి గదిలోనే ఉండిపోయింది.

ఇదంతా ఎందుకు చెప్పవలసివచ్చిందంటే, భానుప్రసాద్ ముందు కూర్చున్న లక్ష్మీరాజానికి డబ్బు అక్కరలేదు, పేరు అక్కరలేదు. ఒక్కసారి, ఒక్కచోట, తనను చూసి నవ్విన ఈ జనమే ఆ వరాహాన్ని జెండా మీద చూసి నవ్వకుండా నిలబడాలి. అదే ఆయనకు కావలసింది.

"సింహం తీసెయ్. వరాహం పెట్టు" అన్నాడు.

"పందా సార్?"

"వరాహం."

"గదే సార్. పేరేదైనా చూస్తె పందే గద."

"నువ్వు పొద్దున లేస్తె గణపతికి దండం పెడ్తవు. తల చూసి ఏనుగా అని అడుగుతవా?"

భానుప్రసాద్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "గది దేవుడు సార్. ఇది ఆట. పంది జెండా కింద ఎవడు సస్తడు?"

"వేలమంది సచ్చిండ్రు. అందుకే నువ్వియ్యాల గీడ మెత్తల మీద కూసోని బొమ్మలాట ఆడుతున్నవు."

"ఇంకోటి ఏం లేదా సార్? వాళ్లకు వరాహం ఒక్కటేనా?"

లక్ష్మీరాజం గొంతు సవరించుకున్నాడు. "ఒక్కటే" అన్నాడు. "సంతకం కావాల్నంటె గదే పెట్టాలె."

సంతకం కావాలి. కాబట్టి సింహం పోయింది, వరాహం వచ్చింది.

బొమ్మలు గీసే పిల్ల పేరు రేవతి. సిరిసిల్ల మరమగ్గాల వాళ్లింటి అమ్మాయి. మొదట ఆమె గీసుకొచ్చినది చూసి లక్ష్మీరాజం నోరు చేదైంది. గుండ్రటి పొట్ట, చుట్టుకున్న తోక, చేటంత చెవులు. కూరగాయల మార్కెట్ వెనక పొద్దున్నే తిరిగే సరుకు అది.

"ఎక్కడ చూసి గీసినవమ్మా?"

"మా ఇంటి వెనక సార్. మస్తున్నయి."

"మున్సిపాలిటోళ్లు పట్టుకపోయేటివి గావు. అడవిల తిరిగేటిది గియ్యి. మెడ మీద జూలు నిక్కపొడుచుకోవాలె. కోర కనవడాలె. భూమిని లేపిన బలం నడుముల ఉండాలె."

ఆమె విసుక్కోకుండా మళ్లీ గీసింది, మళ్లీ గీసింది. చివరికి ఒక సాయంత్రం తెర మీద ఎర్రగుడ్డ రెపరెపలాడి, దాని మీద నల్లటి వరాహం తలవంచి ముందుకు ఉరికింది. పైన సూర్యుడు, చంద్రుడు. లక్ష్మీరాజం కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ చూశాడు. రేవతి ఇంకో తప్పు వినడానికి సిద్ధపడింది. "బాగనే ఉన్నది" అని లేచి వెళ్లిపోయాడు. అంతకంటే మంచిమాట ఆయన నోట ఎవరూ విని ఉండరు.

ఆట సగం తయారవగానే ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉత్సవంలో పిల్లల చేత ఆడించి చూశారు. లక్ష్మీరాజం కూడా ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్లి వెనక కుర్చీలో కూర్చున్నాడు. పెద్ద తెర మీద కోట తలుపులు తెరుచుకున్నాయి. డప్పులు మోగాయి. సైన్యం బయటికొచ్చింది. వరాహం జెండా ఎగిరింది.

"అరే, పందిరా" అన్నాడొకడు.

ఇంకొకడు గుర్రుమన్నాడు. హాలు హాలంతా గుర్రుమంది. ఆడుతున్న పిల్లాడు నవ్వుతూ తన వీరుణ్ణి కోట గోడ మీది నుంచి కిందికి దూకించి చంపేశాడు. "పంది బ్యాచ్ ఖతం" అని అరిచాడు. కార్లున్న తండ్రుల పిల్లలు, ఫీజులు కట్టి చదువుతున్న పిల్లలు. వీళ్ల తాతలు ఏ జెండా కింద నిలబడ్డారో వీళ్లకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వీళ్లా రేపు వంతెనలు కట్టేది? లక్ష్మీరాజం లేచి వస్తుంటే గేటు దగ్గర ఒకడు పక్కవాడితో అన్నాడు, "గాయనే అట రా. మా బాపు చెప్తుండె. పంది సారు."

రెండు రోజులకు సాగర్ ఆయన ఇంటికి వచ్చాడు. ఆసిఫాబాద్ దగ్గరివాడు, నెమ్మదస్తుడు. కాలేజీ పిల్లలు నవ్విన సంగతి ఎట్లా ఎత్తాలో తెలియక ఫోన్‌లో వరాహం బొమ్మ తీసి శ్యామలకు చూపించాడు. ఆమె పళ్లెంలో సర్వపిండి పెట్టి తెచ్చింది. ఫోను రెండు చేతులా పుచ్చుకొని కళ్లకద్దుకుంది.

"ఎంత మంచిగ గీసిండ్రు బిడ్డా. ఇది యాడ పెడ్తరు?"

"జెండాల మీద, డాళ్ల మీద అమ్మా."

"డాలు మీద దెబ్బ పడితె స్వామికి తాకదా?"

"పగుళ్లు పడుతయమ్మా. బొమ్మ చెరిగిపోతది. గది గూడ చూపిస్తం."

ఆమె మొహం చిన్నబోయింది. "శ్యామలా, అది ముద్ర" అన్నాడు లక్ష్మీరాజం కుర్చీలోంచి. "ఎన్నిసార్లు చెప్పాలె?"

"ముద్రనే. కాదన్ననా?" అంటూ ఆమె ఫోను తిరిగి ఇచ్చింది. "మరి గరుడుని గూడ పెట్టిండ్రా సాగర్?"

"గరుడుడేందమ్మా?"

"కంచికి పోయినప్పుడు బస్సుల మీ సారే చెప్పిండు. గీ రాజులకు ముందుగాల గరుడుడు ఉండెనట. పై రాజులు మారినంక వరాహం పెట్టుకున్నరట. నాకు మంచిగనిపిచ్చింది. స్వామి సవారీ పోయి స్వామే వచ్చినట్టాయె గద."

లక్ష్మీరాజానికి సర్వపిండి గొంతులో అడ్డం పడింది. ఆ మాట నిజం. రాష్ట్రకూటుల కింద ఉన్న కాలంలో వాళ్లది గరుడ చిహ్నమని, చాళుక్యుల నీడకు చేరాక వరాహం వచ్చిందని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆయన చదివాడు. నలుగురికీ తప్పులు చూపెట్టే ఆ నోటితోనే, ఒక్కటే అని భానుప్రసాద్‌కు చెప్పాడు. ఆ సంగతి శ్యామలకు తెలియదు. ఆమె మంచినీళ్లు అందించి వీపు నిమిరింది.

సాగర్ ఆయన వైపు చూశాడు. తర్వాత ఆఫీసులో చెప్పాడు. జీతం ఇచ్చేవాడికి చెప్పకుండా ఉంటాడా?

మర్నాడే భానుప్రసాద్ నుంచి ఫోన్. ఆయన వెళ్లేసరికి తెర మీద గరుడుడు రెక్కలు విప్పి ఉన్నాడు. బాగానే ఉన్నాడు. రేవతి చేయి అది.

"ఒక్కటే అన్నరు గద సార్?" అన్నాడు భానుప్రసాద్. గొంతులో కోపం లేదు. గెలిచినవాడికి కోపం ఎందుకు?

"నీ ఆట కాలానికి ఒక్కటే. గరుడుడు అంతకు రెండు మూడు వందల ఏండ్ల ముందు."

"గందుకే ఆటను వెనక్కి జరిపినం. మొదట్ల ఏడాది చూపిస్తం గద, గా అంకె మార్చినం. అయిపాయె."

"అప్పుడు గీ రాతికోట లేదు."

"ఉండనియ్యుండ్రి సార్. మస్తు పైసలు పెట్టి కట్టినం."

"తోరణాలు లేవు. ఓరుగల్లు రాజధాని గాదు. వీళ్లు ఇంకొకల కింద చిన్న దొరలు. వెయ్యి ఏనుగులు యాడికెల్లి వస్తయి?"

"సార్" అన్నాడు భానుప్రసాద్, పిల్లవాడికి చెప్పినట్టు. "మీరు జెండాలకే సలహాదారు. కోట సంగతి మిమ్మల్ని ఎవరడిగిండ్రు? గా కాలానికి గరుడుడు కరెక్టా, తప్పా?"

తప్పని లక్ష్మీరాజం ఎట్లా అంటాడు? డాలు మీద ఏ మృగం ఉందో చూసేవాళ్లకు డాలు పట్టుకున్నవాడు ఏ కాలంలో నిలబడ్డాడో పట్టదు. ఈ తెలివితక్కువవాడు ఆ రహస్యం కనిపెట్టాడు. గోళ్లు లెక్కపెట్టేవాళ్లకు గోళ్లు సరిగ్గా ఉంటే చాలు. మరి ఇన్నాళ్లూ తాను అడిగింది మాత్రం ఏమిటి? కోట గోడలు అప్పుడు కూడా తప్పే, గుర్రాల జీన్లు తప్పే, ఆడవాళ్ల రవికెలు తప్పే. తాను చూసిన పాపాన పోలేదు. వరాహం ఒక్కటి ఉంటే చాలనుకున్నాడు.

"వరాహాన్ని గూడ వేస్ట్ చెయ్యలే సార్" అన్నాడు భానుప్రసాద్. "రేవతి కష్టపడ్డది. గందుకే దొంగల మూకకు పెట్టినం. సాగర్, సార్‌కు చూపియ్యి."

సాగర్ కదలకుండా ఉండిపోతే భానుప్రసాదే మౌసు లాక్కొని చూపించాడు. అడవి. మొహాలకు మసి పూసుకున్న మనుషులు పచ్చిమాంసం కొరుకుతున్నారు. వాళ్ల నడుమ చిరిగిన గుడ్డ, దాని మీద జూలు నిక్కబొడుచుకున్న వరాహం, పైన సూర్యచంద్రులు. వీరుడు వచ్చి దొంగల నాయకుణ్ణి పొడిచి, జెండా పీకి నేలమీద పడేసి, తొక్కుకుంటూ నడిచాడు. తర్వాత కాగడా అంటించాడు. వరాహం కోర దగ్గర నుంచి కాలింది.

"ఇది కాలినప్పుడు పిల్లలు మస్తు ఖుషీ అయితరు సార్."

"దొంగలకు వరాహం ఎట్ల పెడ్తవు?"

"దొంగలకు చరిత్రల జెండా ఉన్నదా? లేదు గద. లేనిదాంట్ల తప్పెట్లయితది?"

బాయికి మూత వేసినట్టు భానుప్రసాద్ ఆ మాట వేశాడు.

కాగితం బల్ల మీద ఉంది. ఈ ఆటలోని జెండాలు, చిహ్నాలు చరిత్రకు అనుగుణంగా ఉన్నాయని రాసి ఉంది. అక్షరం అక్షరం నిజమే. లక్ష్మీరాజం లేచి వెళ్లిపోవచ్చు. పోతే ఇంకొకడు వస్తాడు, చూడకుండా సంతకం పెడతాడు, ఊరూరా పిల్లలు వరాహాన్ని తొక్కి కాలుస్తారు.

అది ముద్ర, అనుకున్నాడు ఆయన. సర్కారు ముద్ర. ముద్రే అయితే ఎవడి జెండా మీద ఉంటే నీకేమిటి, ఎవడు తొక్కితే నీకేమిటి? ఆ ప్రశ్న శ్యామల అడిగినట్టు వినబడింది. ఆమె అట్లా ఎప్పుడూ అడగలేదు. తెర మీద ఆ కాలు మళ్లీ లేచింది. మళ్లీ మొదటి నుంచి ఆడుతోంది ఆ ముక్క. ఆయన చేయి అడ్డం పెట్టబోయి, బల్ల మీదే ఆపుకున్నాడు.

"తీసెయ్" అన్నాడు.

"ఏంది సార్?"

"వరాహాన్ని. దొంగల కాడ గాదు, యాడ గూడ ఉండొద్దు. మొత్తం తీసెయ్."

"కొట్లాడి పెట్టిచ్చింది మీరే గద సార్."

"నేనే. ఇప్పుడు నేనే తియ్యమంటున్న. తీస్తె సంతకం పెడ్త."

భానుప్రసాద్ ఆయన్ను అనుమానంగా చూశాడు. "మరి కోట?"

"కోట నీ ఇష్టం."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని లక్ష్మీరాజానికి తెలిసేసరికి అది బయటపడి చల్లారిపోయింది కూడా. పాతికేళ్ల కింద ఇదే మాట ఎవడైనా అని ఉంటే వాణ్ణి గుమ్మం ఎక్కనిచ్చేవాడు కాదు.

"దొంగలకు ఏం పెట్టాలె మరి?"

"నీ సింహం ఉన్నది గద నాలుక జాపుకొని. ఖాళీగనే ఉన్నది. గా పువ్వు గూడ పెట్టు, తోడుంటది."

సాగర్ వరాహాన్ని చెరిపాడు. ఆయన వెనక నిలబడి చెరిపిందాకా చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. రేవతి తన బల్ల దగ్గర తల ఎత్తలేదు. ఆమెకు ఏదైనా చెప్పాలనుకున్నాడు. ఇన్నాళ్లూ బాగా లేదని చెప్పడమే అలవాటైన నోటికి ఇంకో మాట దొరకలేదు.

మెట్లు దిగుతుంటే సాగర్ వెంట వచ్చాడు.

"సార్, గా దొంగల అడవి పేరు చూసిండ్రా?"

"పేరేంది?"

"ముందుగాల మ్యాపుల గోదావరి ఆవలి అడవి అని రాసిండ్రు. అంటె మా దిక్కే గద. జైనూరు గుట్టలు గిట్ల. పచ్చిమాంసం తినేటోళ్లు, మసి పూసుకున్నోళ్లు. మా అవ్వోళ్ల ఊరు గాడనే."

లక్ష్మీరాజం మెట్టు మీదే ఆగిపోయాడు. ఇన్నిసార్లు ఆ తెర చూశాడు. ఆ అడవిలో జెండా ఒక్కటే కనబడింది ఆయనకు. దాని కింద ఎవరున్నారో చూడలేదు.

"ఉండు, పైకి పోదాం పా. చెప్త వానికి."

"అవుసరం లేదు సార్. నేనే తీసేసిన, ఎప్పుడో. పేరు లేని అడవి అది ఇప్పుడు. ఎవ్వలు చూడలే." సాగర్ బండి తాళంచెవి వేలికి తిప్పుకున్నాడు. "మీరు చూస్తరనుకున్న."

అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది. ఎగతాళికి ఆయన దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది.

ఇంటికి వచ్చేసరికి శ్యామల దీపం పెడుతోంది. "ఏమాయె?" అంది.

"వరాహాన్ని తీసేయించిన."

"మంచిగ చేసిండ్రు." ఆమె ఎందుకని అడగలేదు.

"కోట లేని కాలంల కోట పెట్టిండ్రు. నేను దానికి సంతకం పెట్టిన."

"స్వామి కోసమే గద."

"స్వామి కోసం గాదు" అని మొదలుపెట్టాడు. దేవుడి గదిలోకి చూశాడు. పటం మీద బొట్టు కొంచెం పక్కకు జరిగి ఉంది. ఇంకో రోజైతే తుడిచెయ్యమని అరిచేవాడు. ఆ పూట అరవకుండా కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

ఆట బజారుకొచ్చింది. గోళ్లు లెక్కపెట్టేవాళ్లు గరుడుడి రెక్కలు లెక్కపెట్టి, జెండాలు పక్కాగా ఉన్నాయని మెచ్చుకున్నారు. కోట సంగతి ఒక్కడూ అడగలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత కట్టబోయే తోరణాల కింద నుంచి వెయ్యి ఏనుగులు పోతుంటే, చరిత్ర అంటే ఇట్లా ఉండాలి అని రాశాడట ఒకడు. మొదట్లో వచ్చే పేర్లలో లక్ష్మీరాజం పేరు కూడా ఉంది, చారిత్రక సలహాదారు అని. సాగర్ ఫోన్‌లో చూపించబోతే ఆయన చూడలేదు.

ఆ చలికాలం పెద్దపల్లిలో ఒక పెళ్లికి ఆయన, శ్యామల వెళ్లారు. బంతిలో కూర్చున్నారు. వడ్డించే పిల్లల్లో ఒకడు ఆయన్ను చూసి పక్కవాడిని మోచేత్తో పొడిచాడు.

"గద్ద సారు వచ్చిండు రా."

"పంది సారు గదరా?"

"గది పాతది. ఆట చూడలేదా? ఇప్పుడు గద్ద."

పప్పు గరిటె పట్టుకొని ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. శ్యామల విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వుతున్నవా?"

"లేదు. నయమే గద అంటున్న. మురికికాల్వ కాడికెల్లి మొగులు మీదికి పోయిండ్రు."

ఆయన అన్నంలో పప్పు కలుపుకున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, వడ్డించే పిల్లలకు కాదు, పక్కనున్న ఆమెకు కూడా కాదు, తన విస్తరికి చెప్పుకున్నట్టు మెల్లగా అన్నాడు.

"గద్ద గాదు. గరుడుడు."